చేతి పిన్‌పాయింటరు: అందువలని ప్రయోజనములు

మంగంపేట యనగానే దూరదేశముల వారికి సైతము ముగ్గురాయి జ్ఞప్తికి వచ్చును. ఒక్కచోట నున్న ముగ్గురాతి నిక్షేపములలో ప్రపంచమున మిక్కిలి పెద్దవానిలో నిది యొకటి. చమురుబావులు త్రవ్వునపుడు ఆ బావులలో నింపు బురదకు బరువు కలిగించుటకై ఈ రాతిపొడి ఓడలమీద పరదేశములకు పోవుచున్నది. సామాన్యమైన రాయి నీటికంటె సుమారు 2.7 రెట్లు బరువుండగా, ఇది 4 రెట్లకు మించి బరువుండును. చిన్న గడ్డను చేత నెత్తిన క్రొత్తవాడు ఇది ఇనుమేమో యని భ్రమపడుట కలదు. కావున మేము ఒకనాడు తరగతిలో ఒక ముగ్గురాతి గడ్డను, తుప్పుపట్టిన మేకు నొకదానిని బల్లమీద నుంచి, లోహశోధక యంత్రము దేనిని చూచి కూయునని ప్రశ్నింపగా, చాలమంది బాలురు రాతినే చూపిరి. ఈ రాతి నడుమ పుట్టి పెరిగినవారే యట్లు చెప్పుట మాకు వింతగా తోచెను.

యంత్రము రాతిమీద మౌనముగా నుండెను. మేకు దగ్గరకు రాగానే కీచుమనెను.

ముగ్గురాతిలో బేరియమను లోహము లేకపోలేదు. 1808లో హంఫ్రీ డేవీ దానిని విద్యుత్తు సాయమున వేరుచేసి చూపెను. కాని రాతిలో అది గంధకముతోను ప్రాణవాయువుతోను కలిసి లవణమై యున్నది. ఆ లవణమున విద్యుత్తు పారదు. లోహశోధకము బరువును గాని మెరుపును గాని విచారింపదు. దాని అడుగున నున్న తీగచుట్టలో మారుచుండెడి విద్యుత్తును పంపుదురు. దానివలన చుట్టును మారుచుండెడి అయస్కాంతక్షేత్ర మేర్పడును. ఆ క్షేత్రములో లోహము పడినచో, 1831లో ఫారడే కనుగొనిన నియమము చొప్పున, లోహమునందు సుడివలె తిరుగు విద్యుత్తు పుట్టును. ఆ సుడి తనదైన చిన్న అయస్కాంతక్షేత్రమును తిరిగి పైకి పంపును. యంత్రము దానిని పసిగట్టి కూత పెట్టును. ఇంతియే దాని రహస్యము.

ఇక అసలు విషయమునకు వత్తము. నేలమీద త్రిప్పు యంత్రపు చుట్ట తరచుగా పదునొకండంగుళముల వెడల్పుండును. వెడల్పు ఎక్కువైనకొలది లోతునకు చూచును. జానెడు లోతున నున్న నాణెమును గూడ పట్టగలదు. కాని ఆ వెడల్పే దాని లోపము. "ఇక్కడ నెక్కడనో కలదు" అని చెప్పునే గాని, "ఇదిగో, ఇచ్చట" అని చెప్పజాలదు. పళ్లెమంత చోటులో గోరంత వస్తువు ఏ మూల నున్నదో మనమే వెదకుకొనవలెను. అప్పుడు మనము చేయు పని యేమనగా పార యెత్తుట.

అందువలని నష్టమును మేమే చేసి యెరుగుదుము. ఒక సంవత్సరము పాఠశాల వార్షికోత్సవ నాటకమున వేషము వేసిన బాలిక యొకతె, తన జేజి కాలి వెండికడియమును తొడిగికొని వచ్చెను. ఆట ముగిసిన పిమ్మట బాలికలందరు వేషములతోనే పరుగులిడి, దూకుడు పందెముల ఇసుకగుంటలో గంతులువేసిరట. కడియము జారినది. ఆ రాత్రి వాన కురిసెను. మేము మిత్రుని యొద్ద యంత్రము నెరవు తెచ్చి గుంటమీద త్రిప్పగా మొదటి పావుగంటలోనే కూత వినవచ్చెను. అందరికిని ఆనందము, మాకు తొందర. పారతో ఒక్క పోటు పొడిచితిమి. కడియము బోలుది. పార యంచు తగిలి అది ఒకప్రక్క చప్పిడిగా నొక్కుకొని, అతుకు విచ్చిపోయెను. మరునాడు ఆ పెద్దమ్మ వచ్చి దానిని కొంగున తుడిచికొని, "దొరికె గదా, అంతే చాలు అయ్యవారూ" అనెను. ఆమె నాలుగు మాటలు అనియుండిన మాకు కొంత ఉపశమనముగా నుండెడిది. అది ఆమె తల్లి యిచ్చిన సొత్తని తరువాత తెలిసినది.

అటుపిమ్మటనే మేము చేతి పిన్‌పాయింటరును తెప్పించితిమి. చూపునకది ముల్లంగి దుంపవలె నుండును. ఒక కొన మొద్దుగను, రెండవ కొన సన్నముగను. సన్నని మొనలో చిన్న తీగచుట్ట యుండును. పనిచేయు సూత్రము పెద్ద యంత్రముదే; చుట్ట మాత్రము బొటనవ్రేలి లావునకు మించదు. చాల రకములకు 9 వోల్టుల బ్యాటరీ యొకటి చాలును. నాణెము రెండు మూడంగుళములలో నున్ననేగాని ఇది పలుకదు. ఇంత కురచచూపు గల పరికరమువలన లాభమేమని యొక బాలుడు అడిగెను. కురచచూపే లాభము. ఇది పలికినదనగా వస్తువు దీని మొనకు అతి సమీపముననే యున్నదని నిశ్చయము. దగ్గరయైనకొలది కూత హెచ్చును, పిడి చేతిలో అదరును. ఇంటిలో ఇలకోడిని వెదకునపుడు దగ్గరకు పోగానే అది నోరు మూసికొనును గదా. ఇది అందుకు సరిగా వ్యతిరేకము.

చోటు తెలియక త్రవ్వుట ఎంతటి హానికి దారితీయునో చెప్పుటకు ఇతర దేశముల వృత్తాంతములు రెండు కలవు. 1862లో ఇటలీ వీరుడు గారిబాల్డీ చీలమండలో గుండు దూరెను. అది లోపల నున్నదా లేదా యని వైద్యులు వాదించుకొనుచుండగా, నెలాటను అను ఫ్రెంచి వైద్యుడు కొనయందు మెరుగుపెట్టని పింగాణి పూస గల సన్నని శలాకను పంపించెను. దానిని గాయములో పోనిచ్చి తీయగా పింగాణిమీద సీసపు మరక కనబడెను. పిదప గుండును తీసిరి. పిన్‌పాయింటరునకు తాతవంటిది ఆ శలాక యని మా యభిప్రాయము.

రెండవ వృత్తాంతము విషాదాంతము. 1881 జూలై 2వ తేదిని అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు తుపాకి దెబ్బ తినెను. టెలిఫోను నిర్మించిన అలెగ్జాండరు గ్రాహంబెల్లు లోహమును పసిగట్టు యంత్రమును తెచ్చి రోగి శరీరముపై త్రిప్పెను. పరుపులోని ఇనుపతీగలు ఆ యంత్రమును తికమకపెట్టెను. వైద్యులు కుడిప్రక్కను మాత్రమే వెదకనిచ్చిరి. గుండో, ఎడమవైపున నుండెను. ఈ లోపల శుభ్రపరుపని వ్రేళ్లతోను శలాకలతోను గాయమును పలుమారు కెలికిరి. గాయము చీము పట్టెను. సెప్టెంబరు 19వ తేదిని ఆయన మరణించెను. గుండుకంటె ఆ వెదకులాటయే యెక్కువ కీడు చేసెనని తరువాతి వైద్యులనేకులు వ్రాసిరి.

నేలకును అట్టిదే జరుగును. పిన్‌పాయింటరు లేనివాడు త్రవ్వు గుంట మూరెడు. ఉన్నవాడు త్రవ్వునది గిన్నెడు. చెట్టువేళ్లు తెగవు, పచ్చిక చెడదు, తోటవాడు విసుగుకొనడు. గుంటలోని వస్తువు ఏ గోడప్రక్క నున్నదో మొన తాకించి తెలిసికొని, మిగిలిన మంటిని వ్రేళ్లతోనో కొయ్యపుల్లతోనో తొలగింపవచ్చును. మరియు ఒకటి దొరకినంతనే గుంటను పూడ్చక, రెండవమారు మొనను త్రిప్పి చూచుట మంచిది. మేకు క్రింద ముక్కుపుడక యుండరాదని నియమము లేదు. రాళ్లసందులలోను, గోడపగుళ్లలోను పెద్ద చుట్ట దూరదు, ఇది దూరును. మన సీమలో అట్టి సందున చేయిపెట్టుటకు ముందు తేలును తలచికొననివా డుండడు.

కోడూరు తోటల కమ్మ కథ ఇచ్చట చెప్పవలెను. మా విద్యార్థి తల్లి యొకామె అరటితోటలో కలుపు తీయుచు చెవికమ్మ నొకదానిని పోగొట్టుకొనెను. పెద్ద యంత్రము ఒక చెట్టు మొదట కూసెను. ఈమారు పార ముట్టలేదు. పిన్‌పాయింటరుతో చోటు గుర్తించి, గుప్పెడు గుప్పెడు మన్ను తీసి, ప్రతి గుప్పెటను దాని మొనయొద్దకు తెచ్చితిమి. ఆరవ గుప్పెట పలికెను. తడిమట్టి ముద్దలో కమ్మ కంటికి కనబడనేలేదు. విడదీయగా లోపల నుండెను. ఆ మొక్క గెల వేసినదని పిమ్మట బాలుడే చెప్పెను.

దోషములును చెప్పవలెను గదా. ఇది బంగారమని, ఇది ఇనుమని ఈ పరికరములలో పెక్కు భేదము చెప్పవు. ఇనుపరజను గల ఎఱ్ఱమన్నులో ఏమియు లేకయే పలుకుటయు కలదు. అప్పుడు మొనను ఆ మన్నుకే తాకించి మీట నొక్కినచో, అనేక రకములు ఆ మంటి ధ్వనిని లెక్కనుండి తీసివేసికొని, అంతకుమించినదానికే పలుకును. వెదకువాని వ్రేలి ఉంగరము, చేతిలోని ఇనుపగరిటె కూడ దానిని మోసపుచ్చును. మేమొకమారు మా ఉంగరమునే అయిదు నిమిషములు వెదకితిమి.

ఇట్టి పరికరములు చేతికి రాగానే కొందరికి గుప్తనిధుల మీదికి మనసు పోవును. రాయలసీమలో ఆ పిచ్చిచే పాడైన గుళ్లును, పెకలింపబడిన విగ్రహములును తక్కువ గావు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలములోని చెన్నంపల్లి కోటలో అనుమతితోనే నిధికై త్రవ్వకములు సాగినవి. ఎముకలును ఇటుకలును బయటపడినవని పత్రికలు వ్రాసినవి, నిధి మాత్రము కానరాలేదు. సిద్ధవటము, గండికోట, ఒంటిమిట్ట వంటి రక్షిత స్థలములలో అనుమతిలేక త్రవ్వుట 1958వ సంవత్సరపు చట్టముచే నిషిద్ధము. ఇతర స్థలములలోనైనను నేలలో దాగిన వస్తువు పది రూపాయల విలువకు మించినచో, 1878వ సంవత్సరపు నిధి చట్టము ననుసరించి కలెక్టరుగారికి వ్రాతమూలమున తెలుపవలెను; దాచినవానికి చెరసాల కలదు. పాతనాణెము ఏ లోతున, దేని ప్రక్కన నుండెనో అదియే చరిత్రకారునికి ముఖ్యము; పెకలించి సంచిలో వేసికొనిన నాణెము సగము మూగదగును.

తలిదండ్రులు ప్రత్యేకముగా గమనింపవలసినది మరియొకటి. మన చుట్టును గనులలో రాతిని మందుపెట్టి పగులగొట్టుదురు. అరుదుగానైనను పేలని డిటొనేటరు రాతిగుట్టలలో మిగులవచ్చును. అది వ్రేలంత సన్నని అల్యూమినియపు లేక రాగి గొట్టము. రెండు తీగెలు వ్రేలాడుచుండవచ్చును. లోహశోధకము దానిని చూచియు కూయును. పిన్‌పాయింటరును దాని దగ్గరకు తీసికొనిపోరాదు, చేతితో ముట్టరాదు, తీగెలను లాగరాదు. చోటును దూరమునుండి గుర్తుంచుకొని గనివారికి గాని పోలీసువారికి గాని తెలుపవలెను. గని హద్దులలోను, రాతిగుట్టలమీదను పరికరమును వాడుటకు మేము విద్యార్థుల నెవ్వరిని అనుమతింపము.

పరికరము శాస్త్రగది బీరువాలో నున్నది. కావలసిన తలిదండ్రులు తమ పేరును, పోయిన వస్తువును, పోయిన చోటును పుస్తకములో వ్రాసినచో, శనివారము మధ్యాహ్నము మేమును ఇద్దరు పెద్ద విద్యార్థులును వత్తుము. ఆ పుస్తకములో ఇంతవరకు దొరకినట్లు వ్రాయబడినవి: కమ్మ ఒకటి, బీరువా తాళపుచెవి ఒకటి, ఎద్దు మెడగంట ఒకటి, సోడా మూతలు 43, మేకులు లెక్కింపలేదు.