కృష్ణ నడుమ విడిది

విజయవాడ: ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణానది నడుమ 133 ఎకరాల మేర ఉన్నది భవానీ ద్వీపం. ఒడ్డున బోటు ఎక్కితే చాలు, బస్సుల రొద వెనకబడిపోతుంది. చెట్ల నీడ, ఏటి గాలి, రాత్రయితే దూరాన ఇంద్రకీలాద్రి దీపాలు. బస్తీ ఉక్కకు విసిగినవారు రెండు రోజులు సేదదీరడానికి పర్యాటక సంస్థ ఇక్కడ కాటేజీలు కట్టింది.

అయితే ఈ హాయి కృష్ణమ్మ దయే. 2019 ఆగస్టు వరదలో ద్వీపం మునిగింది. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ద్వీపం మళ్లీ మునిగి, బాగా దెబ్బతిన్నది.

ఎగువన పులిచింతల నుంచి నీరు భారీగా వదిలితే ఇక్కడ బోట్లు ఆగిపోతాయి. కాబట్టి వానాకాలంలో పిల్లాపాపలతో వెళ్లదలచినవారు ముందుగా ఏటి కబురు కనుక్కుని, ఆ తర్వాతే మూటాముల్లె సర్దుకోవడం మంచిది.