కిటికీ తెరను చుట్టే మర

కిటికీలోనుంచి వచ్చే ఎండను ఆపటానికి మన ఇండ్లలో గుడ్డ పరదాలు, వెదురు తడికెలు, వేసవిలో వట్టివేళ్ల తడికెలు వాడుకలో ఉన్నవి. వీటిని పక్కకు నెట్టినా, పైకెత్తి కట్టినా ఎంతో కొంత చోటు ఆక్రమించక తప్పదు. ఒక గొట్టానికి గుడ్డను చుట్టి, లాగితే దిగేటట్లు, వదిలితే పైకి పోయి చుట్టుకొనేటట్లు చేసిన తెర మాత్రం కిటికీ నెత్తిన నాలుగైదు సెంటీమీటర్ల చోటులో ఇమిడిపోతుంది. దీనిని చుట్టుతెర అందాము. లాగి దించే ప్రొజెక్టరు తెరలలోనూ పలుచోట్ల ఇదే ఏర్పాటు. మర అంతా గొట్టం కడుపులోనే దాగి ఉండటం దీని విశేషం.

గుడ్డ అంతా చుట్టుకొన్న తర్వాత చుట్ట ఎంత లావవుతుంది? చుట్టను అడ్డంగా కోసినట్లు ఊహించండి. గొట్టం చుట్టూ గుడ్డ ఒక ఉంగరంవలె కనిపిస్తుంది. ఈ ఉంగరం వైశాల్యం, గుడ్డ పొడవును దాని మందంతో గుణించిన దానికి సమానం కావాలి. చుట్టినంతమాత్రాన గుడ్డ ఎక్కడికీ పోదు గదా! దీనినిబట్టి, గొట్టం వ్యాసపు వర్గానికి 4 × పొడవు × మందం ÷ π కలిపి వర్గమూలం తీస్తే చుట్ట వ్యాసం వస్తుంది. 25 మిల్లీమీటర్ల గొట్టంమీద అర మిల్లీమీటరు మందం, ఒకటిన్నర మీటరు పొడవు ఉన్న గుడ్డను చుట్టితే చుట్ట సుమారు 40 మిల్లీమీటర్లు అవుతుంది. పొడవును రెట్టించి మూడు మీటర్లు చేసినా 50 మాత్రమే. కాగితపు గొట్టం, పాత చీర ముక్కతో విద్యార్థులు దీనిని సరిచూడవచ్చు. అయితే గుడ్డను బిగువుగా చుట్టాలి. వదులుగా చుట్టితే మధ్య చేరిన గాలి లెక్కను తప్పిస్తుంది.

ఇక గొట్టాన్ని ఇంకా సన్నం చేస్తే చోటు మరింత కలిసివస్తుందని తోస్తుంది. ఇక్కడే చిక్కు. రెండు కొసల ఆనిన గొట్టం తన బరువుకు, గుడ్డ బరువుకు నడుమ వంగుతుంది. ఒక మిల్లీమీటరు మందం గోడగల 25 మిల్లీమీటర్ల అల్యూమినియం గొట్టం, మీటరు వెడల్పు కిటికీకి మామూలు గుడ్డతో అర మిల్లీమీటరైనా వంగదు. వెడల్పు రెండు మీటర్లయితే వంపు రెండింతలు కాదు, పదహారింతలవుతుంది. అంటే దాదాపు 6 మిల్లీమీటర్లు. అప్పుడు తెర నడుమ ముడతలు పడుతుంది. 38 మిల్లీమీటర్ల గొట్టం వాడితే అదే వంపు 2 మిల్లీమీటర్ల లోపుకు దిగుతుంది. కాబట్టి గొట్టం లావును నిర్ణయించేది తెర పొడవుకంటె కిటికీ వెడల్పే.

గొట్టం తిరిగి చుట్టుకోవటానికి కావలసిన శక్తిని లోపలి స్ప్రింగు ఇస్తుంది. ఇట్టి స్ప్రింగు తెరకు అమెరికాలో స్టీవర్ట్ హార్ట్‌షార్న్ 1864 లో పేటెంటు పొందాడు. గొట్టం ఒక కొసనుంచి ఒక చదునైన ములుకు బయటికి వస్తుంది. అది గోడకున్న పట్టీ చీలికలో ఇరుక్కొని తిరగకుండా ఉంటుంది. లోపల దానిని అంటిపెట్టుకొని ఒక కడ్డీ, ఆ కడ్డీ చుట్టూ తీగ స్ప్రింగు ఉంటవి. స్ప్రింగు ఒక కొన కడ్డీకి, రెండవ కొన గొట్టానికి బిగించి ఉంటుంది. తెరను క్రిందికి లాగితే గొట్టం తిరుగుతుంది, కడ్డీ తిరగదు. స్ప్రింగు మెలిపడి శక్తిని దాచుకొంటుంది.

ఎంత మెలి కావాలి? మీటరు వెడల్పు తెరలో గుడ్డ బరువు 600 గ్రాములు, అడుగున ఉన్న బద్ద 300 గ్రాములు అనుకొందాము. తెర పూర్తిగా దిగినప్పుడు వ్రేలాడే బరువు 900 గ్రాములు. గొట్టం వ్యాసార్ధం 1.25 సెంటీమీటర్లు. బలాన్ని ఇరుసునుండి దూరంతో గుణిస్తే వచ్చే బలభ్రామకం 1,125 గ్రాము-సెంటీమీటర్లు. తెర పైకి పోయినప్పుడు వ్రేలాడేది బద్ద ఒక్కటే, కాని చుట్ట వ్యాసార్ధం 2 సెంటీమీటర్లు. అప్పటి భ్రామకం 600. ఈ రెంటి నడుమ గొట్టం సుమారు 15 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు 35 గ్రాము-సెంటీమీటర్ల చొప్పున బిగిసే స్ప్రింగును ముందుగానే 17 చుట్లు మెలిపెట్టి అమర్చితే రెండు కొసలా సరిపోతుంది.

నడుమ మాత్రం సరిపోదు! తెర సగం దిగినప్పుడు వ్రేలాడే బరువు 600 గ్రాములు, చుట్ట వ్యాసార్ధం 1.66 సెంటీమీటర్లు, భ్రామకం దాదాపు 1,000. స్ప్రింగు అప్పటికి ఇవ్వగలిగింది 840 మాత్రమే. అందుచేత మరి ఐదారు చుట్లు అదనంగా మెలిపెట్టాలి. పాతబడి నీరసించిన తెరను పట్టీలోనుంచి తీసి ములుకును పట్టకారుతో నాలుగు చుట్లు త్రిప్పే పనివాడు చేసేది ఇదే. అతడు ములుకును గట్టిగా పట్టుకొంటాడు. జారితే అది గిర్రున తిరిగి వేళ్లను గాయపరుస్తుంది.

మెలిపడిన స్ప్రింగు సన్నబడి పొడుగవుతుందన్న సంగతి కూడా మరువరాదు. ఒక మిల్లీమీటరు తీగతో 340 చుట్లు, 16 మిల్లీమీటర్ల వ్యాసం గల స్ప్రింగు, ముందటి మెలి, తెర మెలి కలిసి 380 చుట్ల దాకా పోతుంది. అప్పుడు దాని వ్యాసం 14.3 మిల్లీమీటర్లకు దిగుతుంది, పొడవు 34 నుంచి 38 సెంటీమీటర్లకు పెరుగుతుంది. లోపలి కడ్డీ 13 మిల్లీమీటర్లకు మించితే స్ప్రింగు దానిని కరచుకొని బిగిసిపోతుంది.

మరి లాగిన తెర మధ్యలో ఎట్లా నిలుస్తున్నది? నాకు ఈ మరలో అన్నిటికంటె ముచ్చట గొలిపే భాగమిదే. కడ్డీ కొసన గాడి పడిన బిళ్ల ఒకటి కదలకుండా ఉంటుంది. గొట్టం కొసన ఎదురెదురుగా రెండు చిన్న కొక్కేలు ఊగుతూ గొట్టంతోపాటు తిరుగుతుంటవి. తెరను మెల్లగా వదిలితే, పైభాగానికి వచ్చిన కొక్కెం తన బరువుకు తానే గాడిలో పడి గొట్టాన్ని ఆపుతుంది. కొంచెం క్రిందికి లాగి చప్పున వదిలితే గొట్టం వేగంగా తిరుగుతుంది. అపకేంద్ర బలం కొక్కేలను వెలుపలికి నెట్టి ఉంచుతుంది. తెర ఆగకుండా పైకి పోతుంది. కొక్కెం గరిమనాభి ఇరుసుకు ఒక సెంటీమీటరు దూరాన ఉంటే, అపకేంద్ర బలం దాని బరువును మించటానికి గొట్టం సెకండుకు 5 చుట్లు తిరగాలి. అంటే తెర సెకండుకు సుమారు 40 సెంటీమీటర్లు పోవాలి. చేతిని అంతకంటె నెమ్మదిగా పోనిస్తే తెర టక్కున ఆగుతుంది. స్ప్రింగు, గొట్టం, రెండు ఇనుప ముక్కలు — ఇంతే!

తర్వాత ప్రక్కన పూసల గొలుసు వ్రేలాడే తెరలు వచ్చినవి. వీటిలో కదలని ఇరుసుమీద ఒక తీగ స్ప్రింగును బిగువుగా చుట్టి ఉంచుతారు. తెర బరువు గొట్టాన్ని త్రిప్పబోతే స్ప్రింగు ఇరుసును ఇంకా బిగించి పట్టుకొంటుంది. గొలుసు లాగితే దాని కొన వెనుకకు నెట్టబడి పట్టు సడలుతుంది. రేవులో పడవ తాడును గుంజకు నాలుగు చుట్లు వేసి కొనను ఒక్క మనిషి పట్టుకొంటే పెద్ద పడవ సైతం కదలదు. ఘర్షణ గుణకం 0.2 అయితే నాలుగు చుట్లతో పట్టు దాదాపు 150 రెట్లు పెరుగుతుంది. అందుకే ఈ పట్టు బొటనవ్రేలంత చోటులో ఇముడుతుంది.

కాని ఆ గొలుసు ఉచ్చువలె వ్రేలాడుతుంది. పసిపిల్లల మెడకు చుట్టుకొని ప్రాణాలు పోయిన ఘటనలు పలు దేశాలలో జరిగినవి. అమెరికాలో 2018 నాటి ప్రమాణం, దుకాణాలలో తయారుగా అమ్మే తెరలకు తాడు లేకుండా, లేదా పిల్లలకు అందకుండా, ఉండాలని నిర్ణయించింది. ఇట్టి గొలుసు ఇంట్లో ఉంటే అడుగు కొసను గోడకు బిగువుగా బిగించాలి; ఊయలను, మంచాన్ని ఆ కిటికీకి దూరంగా జరపాలి.

దీనితో గొలుసు లేని స్ప్రింగు తెరమీద తయారీదారుల దృష్టి మళ్లీ పడింది. అందులోనూ కొక్కేలు మాని, వదిలినచోటనే నిలిచే రకాన్ని కోరుతున్నారు. పై లెక్కనే తీసుకోండి. అదనపు మెలిని ఆరు చుట్లకు బదులు రెండున్నరకు తగ్గిస్తే, స్ప్రింగు రెండు కొసలా దాదాపు 90 గ్రాము-సెంటీమీటర్లు ఎక్కువగాను, నడుమ ఇంచుమించు అంతే తక్కువగాను ఉంటుంది. ఇరుసుకు 100 గ్రాము-సెంటీమీటర్ల ఘర్షణ కలిగించే ఒక బిళ్లను తొడిగితే ఈ తేడాను అది మ్రింగివేస్తుంది. తెర ఎక్కడ వదిలితే అక్కడ నిలుస్తుంది. వ్రేలితో అడుగు బద్దను కాస్త నెట్టితే కదులుతుంది.