ఇంటి ముందు ఎన్ని అడుగుల నీరు?

తుఫాను వస్తున్నదని వార్తల్లో వినగానే మీకు ఏది తలపుకు వస్తుంది? గాలి! కొబ్బరిచెట్లు విరగటం, ఇళ్ళ కప్పులు ఎగిరిపోవటం. కాని పెద్ద తుఫానులలో ఎక్కువమంది ప్రాణాలు తీసినది గాలి కాదు, నీరు. తుఫాను గాలి సముద్రాన్ని మైళ్ళ తరబడి నేలవైపుకు తోసుకువస్తుంది. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువైతే, ఆ నీరు మరో దారి లేక ఊళ్ళమీదికి ఎక్కుతుంది. అదే ఉప్పెన. ఇంగ్లీషువాళ్ళు రెండు మాటలు కలిపి చెప్పేదానికి మనకు ఒక్క మాట ఉన్నదంటే, మన తీరం దాన్ని ఎన్నిసార్లు చూసిందో ఊహించుకోండి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది అదే.

ఉప్పెనను ముందుగా సరిగా చెప్పాలని అమెరికాలో ఏకంగా చట్టమే చేశారు. అందుకు కారణం తెలియాలంటే గాల్వెస్టన్ సంగతి వినాలి.

ఇది టెక్సాస్ రాష్ట్రంలో, సన్నని ఇసుక దీవి మీద ఉన్న రేవు పట్టణం. 1900లో అక్కడ అన్నిటికన్న ఎత్తయిన చోటు కూడా సముద్రమట్టానికి తొమ్మిది అడుగులు లేదు. ఆ ఏడు సెప్టెంబరులో క్యూబా దాటిన తుఫాను పడమరగా పోతుందని క్యూబా పరిశీలకులు భావించారు. అమెరికా వాతావరణశాఖవారు మాత్రం, అది ఫ్లారిడా మీదుగా ఉత్తరానికి తిరుగుతుందన్నారు. క్యూబావారి మాటే నిజమయింది. 8వ తేదీన దీవిమీదికి పదిహేను అడుగుల నీరు వచ్చింది. సుమారు 8,000 మంది చనిపోయారు.

తరవాత అక్కడ సముద్రానికి అడ్డంగా గోడ కట్టారు. కాలక్రమాన ఉపగ్రహాలు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. తుఫాను దారి రోజుల ముందే తెలియసాగింది. ఇంకేం కావాలి అంటారా?

2008లో ఐక్ అనే తుఫాను అక్కడికే వచ్చింది. అమెరికాలో గాలి వేగాన్నిబట్టి తుఫానులకు 1 నుంచి 5 దాకా అంకెలు వేస్తారు. ఐక్‌ది 2. "రెండే గదా!" అనుకున్నవాళ్ళు లేకపోలేదు. కాని ఐక్ చాలా విశాలమైన తుఫాను. గాలి కాస్త తక్కువైనా, ఎక్కువ మేర సముద్రాన్ని తోస్తే నీరు ఎక్కువే వస్తుంది. గాల్వెస్టన్‌కు ఎదురుగా ఉన్న బొలివార్ ద్వీపకల్పంలో 15 నుంచి 20 అడుగుల ఉప్పెన ఇళ్ళను ఊడ్చుకుపోయింది. తుఫాను నేలను తాకటానికి ముందటి రోజే నీరు రోడ్డెక్కి దారి మూసేసింది. అంకె అబద్ధం కాదు. అది గాలి అంకె, నీటి సంగతి దానికి తెలియదు!

2010లో ఆ పట్టికనుంచి ఉప్పెన ఎత్తులను తీసివేశారు. 2017 ఏప్రిల్ 18న అధ్యక్షుడి సంతకంతో కొత్త చట్టం వచ్చింది. తుఫాను దారినీ, అది ఉన్నట్టుండి బలపడటాన్నీ ఇంకా బాగా చెప్పాలనీ, ఉప్పెన అంచనానూ, దాన్ని జనానికి తెలియజెప్పే పద్ధతినీ మెరుగుపరచాలనీ ఆ చట్టం ప్రభుత్వపు సముద్ర, వాతావరణ సంస్థకు పని అప్పగించింది. హెచ్చరిక విని జనం ఏం చేస్తారో కూడా పరిశోధించమన్నది. నాకు అన్నిటికన్న నచ్చినది ఈ మాటే. వాతావరణ శాస్త్రజ్ఞులు మేఘాలతోపాటు మనుషుల్ని కూడా చదవాలన్నమాట!

కొన్నేళ్ళుగా ప్రయోగదశలో ఉన్న ఉప్పెన హెచ్చరికలు ఆ ఏడే ఖాయమయ్యాయి. ఇప్పుడక్కడ గాలికి వేరు, నీటికి వేరు హెచ్చరిక. ఉప్పెన పటంలో రంగులుంటాయి: అడుగు దాటితే నీలం, మూడు దాటితే పసుపు, ఆరు దాటితే నారింజ, తొమ్మిది దాటితే ఎరుపు. ఈ అడుగులు సముద్రమట్టంనుంచి కాదు, మీరు నిలబడిన నేలనుంచి. మూడడుగులంటే అయిదో తరగతి పిల్లవాడి నడుము దాటుతుంది. ఆరడుగులైతే నాన్నగారి తల మునుగుతుంది. తొమ్మిదంటే గుమ్మం కూడా కనిపించదు.

2022 సెప్టెంబరు 28న ఇయన్ తుఫాను వచ్చినప్పుడు ఫ్లారిడాలోని ఫోర్ట్ మయర్స్ బీచ్‌లో నేలమీద 10 నుంచి 15 అడుగుల నీరు నిలిచింది. హెచ్చరిక ముందే వెలువడింది. అయినా ఇళ్ళు వదలనివారిలో ఎంతోమంది మునిగిపోయారు. వాళ్ళు ఎందుకు కదలలేదో తెలుసుకోవటం కూడా, చట్టం ప్రకారం, ఇప్పుడు ఆ సంస్థ పనే.