సొట్టపడిన బంపరు

మచిలీపట్నము, గుడివాడ, దివిసీమ ప్రాంతములందు పెక్కు బాటలు కాలువగట్ల వెంబడి సాగును. ఇరుకైన మలుపున ఎదురుబండికి దారి ఇచ్చునపుడు విద్యుత్తుతో నడచు కారు మైలురాతికి తగిలి, దాని బంపరు సొట్టపడవచ్చును. అట్టి చిన్న సొట్టను ఇంటివద్దనే సరిచేయవచ్చును.

బంపరుపై తొడుగు సాధారణముగా పాలీప్రొపిలీను అను ప్లాస్టిక్కుతో చేయబడును. వేడి తగిలిన అది మెత్తబడును, చల్లారిన గట్టిపడును. కావున ఛార్జింగు తీగను తొలగించి, సొట్టపై కాగిన నీటిని మెల్లగా పోసి, లోపలినుండి ఒత్తిన తొడుగు యథారూపమునకు వచ్చును. వెంటనే చన్నీరు పోయవలెను. చేతులు కాలకుండ పెద్దలే ఈ పని చేయవలెను.

గీతలపై రంగు వేయుటకు ఓర్పు కావలెను. పెడనలో కలంకారీ పనివారు బట్టను ఉదికి, కరక్కాయ కషాయమున తడిపి, ఆరవేసిన పిమ్మటనే అచ్చు వేయుదురు. అట్లే తొడుగును కడిగి, గరుకు కాగితముతో రుద్ది, ప్లాస్టిక్కుకు తగిన అడుగుపూత పూయనిదే రంగు నిలువదు. సముద్రతీరమున గాలిలో తేమ హెచ్చు. కనుక పొడిగానున్న దినమునే ఎంచుకొనవలెను.

అయితే తొడుగు చీలినను, దీపము కదలినను, లోపలి లోహపు దూలము వంగినను, నారింజరంగు తీగ బయటపడినను చేయి పెట్టరాదు. ఆ తీగలోని విద్యుత్తు ప్రాణాంతకము. అట్టి బండిని శిక్షణ పొందిన పనివానికే అప్పగింపవలెను. పైకి సొట్ట చిన్నదైనను లోపలి దెబ్బ పెద్దది కావచ్చును. దానిని గుర్తించుటయే ఈ మరమ్మతులో మొదటి పని.