నడక ఒక్కటే చాలునా? నడివయసు, మధుమేహం, కండబలం

శాంటా క్లారా నగరంలోని సెంట్రల్ పార్కుకు ఏ సాయంకాలం వెళ్లినా మనవారు తప్పక కనిపిస్తారు. దంపతులు వడివడిగా నడుస్తుంటారు. స్వదేశంనుండి వచ్చిన తల్లిదండ్రులు శాలువలు కప్పుకొని వెనుక మెల్లగా వస్తుంటారు. పిల్లల చదువులు, ఇళ్ల ధరలు, వీసాల సంగతులు ముగిసిన తరువాత సంభాషణ ఆరోగ్యంవైపు మళ్లుతుంది. “ఈసారి మీకెంత వచ్చింది?” అని ఒకరు అడిగితే, అది పరీక్షలో వచ్చిన మార్కుల గురించి కాదనీ, రక్తంలోని చక్కెర గురించేననీ వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ నడిచేవారిలో నేనూ ఒకడిని. 49వ ఏట నాకు మధుమేహం ఉన్నట్లు తేలినప్పుడు మిత్రులెవరూ నమ్మలేదు. నా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 148 పౌన్లు. “సన్నగా రివటలా ఉంటారు, మీకేమిటండీ!” అన్నారు. వైద్యుడు మాత్రలు వ్రాసియిచ్చి, రోజూ నడవమన్నాడు. మూడేళ్లపాటు వానకూ చలికీ వెరవక నడిచాను. అయినా గత రెండు మూడు నెలల చక్కెర సగటును తెలిపే ఎ1సి పరీక్ష ఫలితం 7.4 దగ్గర మొండికేసి కూర్చున్నది.

ఆ వేసవిలో మా అమ్మ మా యింటికి వచ్చింది. ఒకనాటి తెల్లవారుజామున స్నానాలగదిలో జారిపడింది. దైవవశాన ఎముకలేవీ విరగలేదు. కాని ఆమెను లేవనెత్తుట నావల్లా, నా భార్యవల్లా కాలేదు. చివరకు పొరుగింటి యువకుడు వచ్చి, పసిపాపను ఎత్తినంత సులువుగా ఎత్తి కుర్చీలో కూర్చుండబెట్టాడు. నేలమీద కూర్చుని అతడి రాకకై ఎదురుచూస్తున్నప్పుడు అమ్మ అన్న మాట ఇది: “నా సంగతి సరే నాయనా, ముందు నీ ఒంట్లో కాస్త సత్తువ చూసుకో.” రోజుకు మూడు మైళ్లు నడిచే కొడుకు కన్నతల్లిని లేపలేకపోయాడు. ఈ వ్యాసానికి బీజం అక్కడ పడింది.

సన్నని దేహం, దాగిన కొవ్వు

మధుమేహం స్థూలకాయులకే వస్తుందన్నది మనలో పాతుకుపోయిన భ్రమ. పుణె నగరానికి చెందిన వైద్యశాస్త్రవేత్త యాజ్ఞిక్, ఆయన ఆంగ్ల మిత్రుడు యుడ్కిన్ 2004లో ‘లాన్సెట్’ పత్రికలో తమ జంట ఛాయాచిత్రాన్ని ప్రచురించారు. ఎత్తునుబట్టి బరువును లెక్కగట్టే శరీర ద్రవ్యరాశి సూచిక ఇద్దరికీ ఒక్కటే: 22.3. కాని దేహంలోని కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం కాగా, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! త్రాసుమీద సమానులైనా లోపలి సరుకు వేరన్నమాట. మన దేహతత్త్వానికి ‘సన్నని స్థూలకాయం’ అని పేరు పెట్టవచ్చునేమో.

ఇక్కడికి వలస వచ్చిన మనవారి స్థితిని తెలుసుకొనుటకు శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, షికాగో ప్రాంతపు నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం కలిసి 2010లో ఒక దీర్ఘకాలిక పరిశోధన ప్రారంభించాయి. దాని సంక్షిప్తనామం, చిత్రంగా, ‘మసాలా’. తొలి విడతలో మన సముద్రపుటఖాతం ప్రాంతంనుండీ, షికాగో పరిసరాలనుండీ 40 మొదలు 84 ఏళ్ల వయసున్న 906 మంది దక్షిణాసియావాసులను పరీక్షించారు. వయోభేదాన్ని సరిచేసి చూడగా 23 శాతం మందికి మధుమేహం ఉన్నట్లు 2014లో వెల్లడించారు. అదే తీరు పరీక్షలలో శ్వేతజాతీయులకు వచ్చిన సంఖ్య 6 శాతం మాత్రమే. తరువాతి విశ్లేషణలో మరొక సంగతి బయటపడింది. ఇతర జాతులవారితో పోల్చినప్పుడు మనకు కాలేయంలోనూ, కండరాల నడుమనూ కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. ఈ చివరి రెండు మాటలనే మనం పట్టించుకోవడం లేదు.

కండరమే గోదాము

మన శాంటా క్లారా కౌంటీలోనే ఉన్న స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య జెరాల్డ్ రీవెన్ దశాబ్దాలపాటు ఒక ప్రశ్నను వెంబడించాడు. రక్తంలో ఇన్సులిన్ సమృద్ధిగా ఉన్నా కొందరిలో చక్కెర ఎందుకు తగ్గదు? జీవకణాలు ఇన్సులిన్ ఆజ్ఞను లెక్కచేయకపోవడమే అందుకు కారణమనీ, అధిక రక్తపోటు మొదలైనవి కూడ ఆ స్థితితో ముడిపడి ఉన్నవనీ 1988లో ఆయన ప్రతిపాదించాడు. నేడు ‘ఇన్సులిన్ నిరోధకత’ అన్న మాట ప్రతి వైద్యుని నోటా వినిపించుటకు ఆయన కృషి ముఖ్యకారణం.

ఇన్సులిన్ ప్రేరణతో రక్తంనుండి తొలగే గ్లూకోజులో అధికభాగం చేరేది అస్థికండరాలలోకే. కండరకణం లోపల గ్లూట్-4 అనే రవాణా మాంసకృత్తులు నిద్రాణంగా ఉంటాయి. ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టగానే అవి కణపు పొరవద్దకు వచ్చి గ్లూకోజును లోనికి చేరవేస్తాయి. మధుమేహంలో ఈ పిలుపు సరిగా వినిపించదు. అయితే ప్రకృతి రెండవ తలుపును కూడ అమర్చింది. కండరం సంకోచించినప్పుడు ఇన్సులిన్ ప్రమేయం లేకయే గ్లూట్-4 పైకి వస్తుంది! వ్యాయామం చేసిన తరువాత ఒకటి రెండు రోజులవరకు కండరం ఇన్సులిన్ మాటను మునుపటికంటె చక్కగా వింటుంది. కావుననే వ్యాయామానికి వరుసగా రెండు రోజులకు మించి విరామం ఇవ్వరాదని మధుమేహ నిపుణులు చెబుతారు.

నడకవల్ల గుండెకూ, ఊపిరితిత్తులకూ కలిగే మేలు నిర్వివాదం. కాని అది గోదామును ఖాళీ చేస్తుందేగాని పెద్దది చేయదు. ముప్పయి ఏళ్లు దాటిన తరువాత కండ మెల్లగా తరుగుతూ పోతుంది. అరవై దాటితే ఆ తరుగుదల వేగం పుంజుకొంటుంది. కూర్చుని చేసే ఉద్యోగం, దీర్ఘవ్యాధి తోడైతే ఇక చెప్పనక్కరలేదు. ధాన్యం అంతే వస్తున్నా ఏటేటా గాదె చిన్నదైతే ఏమవుతుందో ఊహించుకోవచ్చును.

మన ముంగిటి పరిశోధన

ఇదే స్టాన్‌ఫర్డ్‌లో డాక్టర్ లతా పళనియప్పన్ బృందం మనవంటివారికోసమే అన్నట్లు ఒక ప్రయోగం చేసింది. ఊబకాయం లేని 186 మంది మధుమేహ రోగులను మూడు జట్లుగా విభజించారు. మొదటి జట్టు బరువులెత్తింది. రెండవది నడక వంటి వ్యాయామం చేసింది. మూడవది రెండూ కలిపి చేసింది. తొమ్మిది నెలల తరువాత, నియమాన్ని చివరివరకు పాటించినవారిలో ఎ1సి సగటున బరువుల జట్టుకు 0.44, మిశ్రమ జట్టుకు 0.35, నడక జట్టుకు 0.24 చొప్పున తగ్గింది. 2023లో వెలువడిన ఈ ఫలితాలలో, కొవ్వుతో పోలిస్తే కండ నిష్పత్తి పెరిగినవారికే మేలు అధికంగా కలిగినట్లు తేలింది.

దీన్నిబట్టి నడక మానివేయరాదు సుమా! అధిక బరువున్నవారే ఎక్కువగా పాల్గొన్న మరొక ప్రయోగంలో (2010, లూసియానా రాష్ట్రం, 262 మంది) రెండూ కలిపి చేసిన జట్టుకే ఎ1సి చెప్పుకోదగినంతగా తగ్గింది. కావున సన్ననివారు బరువులను విస్మరించరాదు; భారీకాయులు రెంటిలో దేనినీ విస్మరించరాదు.

వయసు మీరిందా?

“ఈ వయసులో ఇవన్నీ ఎందుకండీ?” అనే సందేహం సహజమే. 1990లో బోస్టన్‌లో సగటున 90 ఏళ్ల వయసున్న పదిమంది వృద్ధాశ్రమవాసులచేత 8 వారాలపాటు కాళ్లతో బరువులెత్తించారు. చివరివరకు నిలిచిన 9 మందిలో కాళ్లబలం సగటున 174 శాతం పెరిగింది. తొంభయ్యో పడిలో పెరిగే కండబలం యాభయ్యో పడిలో పెరగదా?

రోగులకు బరువులు తగవన్న అభిప్రాయాన్ని తొలిగా ఎదిరించినవారిలో థామస్ డెలోర్మ్ ఒకడు. బాల్యంలో కీళ్లవాతజ్వరం అతని గుండెను దెబ్బతీసింది. మంచానపడి లేచినవాడు క్రమంగా బరువులెత్తి బలాన్ని తిరిగి సంపాదించుకొన్నాడు. పిమ్మట సైనికవైద్యుడై, రెండవ ప్రపంచయుద్ధకాలంలో షికాగోలోని ఒక సైనిక ఆసుపత్రిలో మోకాళ్లు దెబ్బతిన్న సైనికులకు అదే పద్ధతిని నేర్పి, 1945లో ప్రకటించాడు. అతని సూత్రం సులభమైనది: సరిగా పదిసార్లు ఎత్తగలిగిన బరువుతో ఆరంభించాలి, బలం పెరిగినకొద్దీ బరువును పెంచాలి.

ఆరంభించు విధానం

వారానికి రెండు లేక మూడు రోజులు, నడుమ ఒక రోజు విరామంతో చేస్తే చాలు. వ్యాయామశాల సభ్యత్వం లేకున్నా ఇబ్బంది లేదు. చేతుల సాయం లేకుండా కుర్చీలోనుండి లేచి కూర్చొనుట, గోడకు అరచేతులానించి శరీరాన్ని ముందుకూ వెనుకకూ కదల్చుట, రబ్బరు పట్టీని ఛాతీవైపు లాగుట, నేలమీది బరువును మోకాళ్లు వంచి, నడుము నిటారుగా ఉంచి ఎత్తుట, భుజాలమీదినుండి బరువును తలపైకి ఎత్తుట, మునివేళ్లపై లేచుట. ఈ ఆరూ దేహంలోని ముఖ్య కండరాలన్నింటికీ పని కల్పిస్తాయి. నిండు గాలన్ పాలడబ్బా సుమారు 8.6 పౌన్లు తూగుతుంది. ఎల్ కమీనో రియల్ వీధిలోని మన దుకాణాలలో దొరికే బియ్యపుబస్తా 20 పౌన్లు. ఇంట్లోనే తూకపురాళ్లు ఉన్నవన్నమాట!

ఒక్కొక్క కదలికను 8 మొదలు 12 మార్లు చేయాలి. చివరి రెండు మార్లు కష్టమనిపించాలి, కాని తీరు చెడరాదు. 12 మార్లు సునాయాసమైన నాడు బరువును కొద్దిగా పెంచాలి. ఎత్తేటప్పుడు శ్వాస వదలాలి, దించేటప్పుడు పీల్చాలి.

ఇక ఆహారం. కండ పెరుగుటకు మాంసకృత్తులు కావాలి. శాకాహారులమైన మనలో చాలమంది పళ్లెంలో అన్నం కొండంత, పప్పు గోరంత. పలుచని పప్పుచారును లెక్కలోకి తీసుకోరాదు. ముద్దపప్పు, సెనగలు, పెసలు, పెరుగు పెంచి, ఆమేరకు అన్నం తగ్గించాలి.

ముఖ్యమైన హెచ్చరికలు

దీర్ఘవ్యాధి ఉన్నవారు వైద్యుని సంప్రదించకుండా ఆరంభించరాదు. మధుమేహంవల్ల కంటి నేత్రపటలంలో కొత్త రక్తనాళాలు మొలిచినవారు భారీ బరువులెత్తితే కంటిలో రక్తస్రావం జరిగే ప్రమాదం ఉన్నది. ముందుగా కంటిపరీక్ష చేయించుకోవాలి. రక్తపోటు అదుపులో లేనివారు, గుండెనొప్పి ఉన్నవారు మొదట చికిత్స పొందాలి. ఊపిరి బిగబట్టి బరువెత్తితే ఎవరికైనా రక్తపోటు క్షణంలో ఎగసిపడుతుంది. ఇన్సులిన్ లేక అధిక ఇన్సులిన్‌ను స్రవింపజేసే మాత్రలు వాడేవారు వ్యాయామానికి ముందు రక్తపరీక్ష చేసుకొని, చక్కెర 90 మిల్లీగ్రాములకు తక్కువైతే కొంత పిండిపదార్థం తీసుకోవాలి. పాదాలకు స్పర్శ తగ్గినవారు బూట్లు లేకుండా వ్యాయామం చేయరాదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుడు చెప్పిన పరిమితికి మించి మాంసకృత్తులు తినరాదు. ఛాతీలో నొప్పి, తల తిరుగుట వంటివి కనిపిస్తే తక్షణం ఆపివేయాలి. వ్యాయామం మందులకు తోడేగాని, మారు కాదు.

ముగింపు

బరువులెత్తుట పరాయి సంస్కృతి అనుకోనక్కరలేదు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడై, ఉక్కు గొలుసులను తెంచి, ఏనుగును గుండెలపై మోసిన కోడి రామమూర్తి మనవాడే. తాలింఖానాలు, సంగిడి గుండ్లు, దండీలు, బస్కీలు మన పల్లెలవే. మన స్త్రీలు మాత్రం వేరే వ్యాయామశాల అవసరం లేకుండానే నీళ్లబిందెలు మోశారు, రోకళ్లు ఎత్తారు, విసుర్రాళ్లు తిప్పారు. ఆ చాకిరీ తప్పినందుకు సంతోషించవలసినదే. దానితోపాటు పోయిన సత్తువను మాత్రం వేరొక దారిన తిరిగి తెచ్చుకోవాలి. ఎముకలు గుల్లబారే వయసులో ఇది పురుషులకంటె స్త్రీలకే అధికంగా అవసరం.

నా సంగతి చెప్పి ముగిస్తాను. వైద్యుని అనుమతితో, మాత్రలు మానకుండా, ఏడాదిపాటు వారానికి మూడు రోజులు బరువులెత్తిన తరువాత నా ఎ1సి 6.7కు దిగింది. బరువు 148 పౌన్లే. నడుము మాత్రం రెండంగుళాలు తగ్గింది. కిందటి వేసవిలో అమ్మ మళ్లీ వచ్చింది. నా వ్యాయామాన్ని రెండు రోజులు చూసి, మూడవనాడు తానూ ఒక కుర్చీ లాక్కొని కూర్చున్నది. 76 ఏళ్ల వయసులో ఇప్పుడు చేతుల ఆసరా లేకుండా వరుసగా ఎనిమిదిమార్లు లేస్తుంది. ఆమెను లేవనెత్తే బలం నాకు వచ్చింది. ఆ అవసరం రాకుండా ఆమె చూసుకొంటున్నది.

పాఠక మహాశయులారా! రేపటి సాయంకాలం పార్కుకు తప్పక వెళ్లండి. తిరిగివచ్చిన పిమ్మట బూట్లు విప్పకముందే, కుర్చీలోనుండి చేతుల సాయం లేకుండా పదిమార్లు లేచి చూడండి. మీ గోదాము ఎంతటిదో మీకే తెలుస్తుంది.