సీలియాక్ వ్యాధి – మాతృత్వము

హైదరాబాదులోని మోతీనగరులో సాయంకాలము ఏ వీధి వెంట నడచినను వంటయిండ్లనుండి రెండు విధములైన చప్పుళ్లు వినవచ్చును. ఒకటి పీటమీద అప్పడాల కర్ర దొరలు చప్పుడు, అది చపాతీది. రెండవది అరచేతితో పిండిని తట్టు చప్పుడు, అది జొన్నరొట్టెది. గోధుమపిండి ముద్దను కర్రతో ఎంత పలుచగా ఒత్తినను అది సాగునే గాని చిరుగదు. జొన్నపిండిని వేడినీళ్లతో కలిపి, చేతితో తట్టి, నేర్పుగా పెనముమీద వేయవలెను. కర్రతో ఒత్తబోయినచో అంచులు విచ్చిపోవును.

ఈ భేదమునకు కారణము గోధుమలో ఉండి జొన్నలో లేని ఒక పదార్థము. దాని పేరు గ్లూటెన్. చపాతీకి సాగెడి గుణమును, రొట్టెకు పొంగెడి గుణమును ఇచ్చునది అదియే. కోట్లకొలది జనులు దానిని నిత్యము తిని హాయిగా జీర్ణించుకొనుచున్నారు. కాని కొందరి ప్రేగులకు అది సరిపడదు. వారికి కలుగు వ్యాధిని సీలియాక్ వ్యాధి అందురు. ఈ వ్యాధి కొందరు స్త్రీలలో కడుపునొప్పిగా గాక రక్తహీనతగా, గర్భస్రావముగా, సంతానలేమిగా బయటపడుచుండుటచేత దానిని గూర్చి మనము కొంత తెలిసికొనవలసి యున్నది.

తరగతిగదిలో ఒక ప్రయోగము

గ్లూటెన్‌ను కంటితో చూచుటకు ప్రయోగశాల అక్కరలేదు. రెండు గుప్పెళ్ల మైదాపిండిని నీటితో గట్టిగా పిసికి, అరగంట నాననిండు. ఆ ముద్దను గిన్నెడు నీటిలో ఉంచి మెల్లగా పిసుకుచు కడుగుడు. నీరు పాలవలె తెల్లబడును. ఆ నీటిలో అయొడిన్ ద్రావణము ఒక చుక్క వేసినచో నీలవర్ణము వచ్చును; అనగా కొట్టుకొనిపోయినది పిండిపదార్థమని అర్థము. నీరు మార్చుచు కడుగగా కడుగగా చేతిలో రబ్బరువలె సాగెడి జిగురుముద్ద ఒకటి మిగులును. అదే గ్లూటెన్. ఇటలీలోని బొలోనా నగరమున బెక్కారి అను పండితుడు 1728లో దీనిని మొదట ఈ విధముగనే వేరుచేసి చూపెను. ఇదే ప్రయోగమును బియ్యపుపిండితోను, జొన్నపిండితోను చేసి చూడుడు. చేతిలో అటువంటి జిగురు ఏమియు మిగులదు.

గ్లూటెన్ ఒక మాంసకృత్తు. బార్లీ, రై ధాన్యములలో దీనికి దగ్గరి చుట్టములైన మాంసకృత్తులు కలవు. వరి, జొన్న, రాగి, సజ్జ, కొర్ర, మొక్కజొన్నలలో ఇట్టివి లేవు.

ప్రేగులలో జరుగునది

మన చిన్నప్రేగు లోపలి గోడ నున్నగా ఉండదు. మిల్లీమీటరుకు మించని సన్నని వ్రేళ్లవంటి నిర్మాణములు దానిపై లక్షలకొలది నిలిచి ఉండును. వీటిని ఆంత్రచూషకములు అందురు. తువ్వాలు నూలుపోగులు నీటిని పీల్చినట్లు ఇవి జీర్ణమైన ఆహారసారమును పీల్చి రక్తమునకు అందించును.

గ్లూటెన్‌ను మన జీర్ణరసములు పూర్తిగా ముక్కలు చేయలేవు. కొన్ని పెద్ద తునుకలు మిగిలిపోవును. సామాన్యముగా దీనివలన హాని లేదు. కాని డి.క్యు.2, డి.క్యు.8 అను జన్యులక్షణములు గల వారిలో కొందరికి రోగనిరోధకశక్తి ఆ తునుకలను శత్రువులుగా భ్రమించును. దేహమును కాపాడవలసిన కణములే ప్రేగుగోడపై దాడి చేయును. స్వంత దేహములోని ఒక ఎంజైముపైన కూడ ప్రతిరక్షకములు పుట్టును. క్రమముగా ఆంత్రచూషకములు అరిగి చదునైపోవును. అప్పుడు ఎంత మంచి ఆహారము తిన్నను సారము ఒంటికి పట్టదు.

ఇందొక విశేషము కలదు. మొదట దెబ్బతినునది చిన్నప్రేగు యొక్క పైభాగము. ఇనుము, కాల్షియము, ఫోలిక్ ఆమ్లము ముఖ్యముగా ఇంకునది అచ్చటనే. గర్భిణికి అత్యవసరమైనవి కూడ ఇవియే.

రొట్టె కరవు నేర్పిన పాఠము

ఈ వ్యాధిలక్షణములను 1888లో లండను వైద్యుడు సామ్యూల్ జీ వివరముగా వ్రాసెను. ఆహారముచేతనే దీనికి చికిత్స చేయవలెనని ఊహించెను గాని ఏ ఆహారము దోషియో ఆయనకు తెలియలేదు. హాలండు దేశపు శిశువైద్యుడు విల్లెం డిక్కె 1930 తరువాతి సంవత్సరములలో గోధుమరొట్టెను అనుమానించెను. 1944–45 చలికాలమున యుద్ధమువలన ఆ దేశమున ఘోరమైన కరవు వచ్చెను. రొట్టె దొరకని ఆ దినములలో ఈ వ్యాధి గల పిల్లలు కోలుకొనిరి. రొట్టె మరల రాగానే మరల జబ్బుపడిరి. 1950లో డిక్కె తన సిద్ధాంతవ్యాసమున గోధుమయే కారణమని నిరూపించెను. కొలది కాలములోనే ఆయన సహచరులతో కలిసి దోషము గోధుమలోని పిండిపదార్థమునందు గాక గ్లూటెన్‌నందే ఉన్నదని తేల్చెను.

స్ప్రూ, ఫోలిక్ ఆమ్లము, ఒక తెలుగు శాస్త్రజ్ఞుడు

సీలియాక్ వ్యాధిని పెద్దలలో చాలకాలము ఒక రకపు ‘స్ప్రూ’ అనియే పిలిచిరి. ఉష్ణదేశములలో కానవచ్చు స్ప్రూ వేరొక వ్యాధి. దానికి గోధుమతో సంబంధము లేదు. కాని రెండింటిలోను ఆంత్రచూషకములే దెబ్బతినును, రక్తమే క్షీణించును. ఆ ఉష్ణదేశపు స్ప్రూ భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఇంట తీరని దుఃఖము తెచ్చెను. ఆయన సోదరులిద్దరు ఆ వ్యాధికే బలియైరి. ఆయనకును అది సోకగా వైద్యుడు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సవలన బ్రతికి బయటపడెను.

తరువాత ఆయన అమెరికా వెళ్లి శాస్త్రజ్ఞుడైనాడు. 1928లో మన దేశమునకు వచ్చిన లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణుల రక్తహీనతను పరిశోధించెను. ఈస్టునుండి తీసిన సారము ఇచ్చినచో వారు కోలుకొనిరి. అందలి గుణము ఫోలిక్ ఆమ్లమునదని తరువాత తేలినది. దానిని కృత్రిమముగా తయారుచేసినట్లు 1945లో ప్రకటించిన లెడర్లీ పరిశోధకబృందమునకు నాయకుడు సుబ్బారావుగారే. వెంటనే క్యూబాలో స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా వారి రక్తము శీఘ్రముగా వృద్ధిపొందెను.

నేడు మన దేశమున గర్భిణులకు ఇచ్చు మాత్రలలో ఇనుముతోపాటు ఉండునది ఈ ఫోలిక్ ఆమ్లమే. వీటిని 180 దినములు వాడవలెనని ప్రభుత్వ కార్యక్రమము చెప్పుచున్నది. శిశువు వెన్నుపాము, మెదడు ఏర్పడు నాళము గర్భము నిలిచిన నాలుగు వారములలోపలనే మూసికొనవలెను. అందుకు తల్లి దేహమున ఈ ఆమ్లము ముందుగనే ఉండవలెను. మాత్ర మ్రింగినంతమాత్రమున చాలదు. దానిని పీల్చుకొను ప్రేగు ఆరోగ్యముగా ఉండవలెను. సీలియాక్ వ్యాధికి, మాతృత్వమునకు గల సంబంధము చాలవరకు ఇక్కడనే ఉన్నది.

గర్భముపై ప్రభావము

గుర్తింపబడని వ్యాధి గల స్త్రీలలో కొందరికి రజస్వల ఆలస్యమగును; కొందరికి ముట్లు సక్రమముగా రావు. ఇనుము, జింకు, ఫోలిక్ ఆమ్లముల లోపము ఇందుకు ఒక కారణము. ప్రతిరక్షకములు గర్భమును పోషించు మావి కణములపై ప్రభావము చూపవచ్చునని ప్రయోగశాల పరీక్షలు సూచించినవి. ఇది ఇంకను పరిశోధింపబడుచున్న విషయము.

స్వీడన్ దేశమున జరిగి 2005లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశీలనలో, ప్రసవమునాటికి వ్యాధి గుర్తింపబడని తల్లులకు తక్కువ బరువు గల శిశువులు పుట్టుట సుమారు రెండింతలుగా ఉన్నట్లు తేలినది. నెలలు నిండకముందే ప్రసవించుట కూడ వారిలో అధికము. అయితే వ్యాధి ముందుగనే గుర్తింపబడిన తల్లులలో ఈ ఆధిక్యము కనబడలేదు. వ్యాధి ఒకటే, తెలియుటకు, తెలియకపోవుటకు మధ్యనే ఇంత భేదము.

ఇక సంతానలేమి విషయము. కారణము తెలియని సంతానలేమితో వైద్యులకడకు వచ్చిన స్త్రీలను పరీక్షింపగా, వారిలో ఈ వ్యాధి సామాన్య జనములోకంటె ఎక్కువగా కానవచ్చినది. కాని బ్రిటనులో ఇరువది లక్షలకు పైగా స్త్రీల వైద్యవివరములను పరిశీలించి 2014లో ప్రచురించిన ఫలితములలో, ఈ వ్యాధి గలవారికిని ఇతరులకును సంతానలేమి మొత్తముమీద ఇంచుమించు సమానముగనే ఉన్నది.

ఈ రెండు ఫలితములును ఒకదానినొకటి కొట్టివేయునా? కొట్టివేయవు. మొదటి వారు సంతానము లేనివారిలో వ్యాధిని వెదకిరి. రెండవ వారు జనసామాన్యమున వ్యాధి తెలిసినవారిలో సంతానలేమిని వెదకిరి. ప్రశ్న మారినప్పుడు జవాబు మారును. రెండింటిని కలిపి చదివినచో తేలునది ఇది: ఈ వ్యాధి గల స్త్రీలలో అత్యధికులు తల్లులు కాగలరు, కారణము తెలియక బాధపడు కొద్దిమందిలో మాత్రము ఈ వ్యాధి దాగి ఉండవచ్చును.

మన ప్రాంతమున ఎంత?

మన దేశమున మూడు ప్రాంతములలో 23 వేలకు పైగా పెద్దలను పరీక్షించి 2016లో ఫలితములు ప్రకటించిరి. ఉత్తరమున వందకు 1.23 మందికి, ఈశాన్యమున 0.87 మందికి, దక్షిణమున 0.10 మందికి ఈ వ్యాధి ఉన్నది. అనగా దక్షిణమున వేయిమందిలో ఒకరికి. వ్యాధికి వీలిచ్చు జన్యులక్షణములు మాత్రము మూడు ప్రాంతములలోను ఇంచుమించు మూడవవంతు జనులలో కలవు. భేదము గోధుమలో ఉన్నది. ఉత్తరమున మనిషి దినమునకు సగటున 455 గ్రాములు తినుచుండగా, దక్షిణమున 25 గ్రాములు మాత్రమే తినుచుండెను. అయితే ఈశాన్యమున 37 గ్రాములు తినువారిలోను వ్యాధి ఎక్కువగనే ఉండుటచేత గోధుమ పరిమాణమొక్కటే కారణమనుటకు వీలులేదు.

ఈ లెక్క చూచి మనకు ఈ చింత లేదని అనుకొనరాదు. మధుమేహమని, బరువు తగ్గవలెనని రాత్రిపూట అన్నము మాని చపాతీ తినుట నేడు నగరములలో సామాన్యమైనది. హైదరాబాదు హలీములో ఉన్నది గోధుమయే. ఉస్మానియా బిస్కత్తులో ఉన్నది మైదాయే.

గుర్తించు విధము

నెలల తరబడి ఇనుము మాత్రలు సక్రమముగా వాడినను రక్తము వృద్ధిపొందనిచో కారణము వెదకవలెను. మన ప్రాంతమున పోషకాహారలోపము, నులిపురుగులు, అధిక ఋతుస్రావము మొదలైనవే ఎక్కువ. వాటిని ముందు చూడవలెను. అవి కానిచో సీలియాక్ వ్యాధిని తలచుకొనవలెను. కారణము తెలియని సంతానలేమి, మాటిమాటికి గర్భస్రావము, దీర్ఘకాలపు విరేచనములు కలవారు వైద్యుని అడుగవచ్చును. రోగి తల్లిదండ్రులు, తోబుట్టువులు, బిడ్డలలో వందకు ఏడెనిమిది మందికి ఈ వ్యాధి ఉండుటచేత వారిని కూడ పరీక్షింపవలెను.

మొదట రక్తపరీక్షచే ప్రతిరక్షకములను చూతురు. అవి ఉన్నచో సన్నని గొట్టము ద్వారా చిన్నప్రేగునుండి ఆవగింజంత ముక్కలను తీసి సూక్ష్మదర్శినిలో పరిశీలింతురు. ఇందొక హెచ్చరిక: పరీక్షకు ముందు గోధుమను మానరాదు. మానినచో ప్రతిరక్షకములు తగ్గి, ప్రేగు కోలుకొని, ఉన్న వ్యాధి లేనట్లు కనబడును.

చికిత్స – వంటయింటిలో

దీనికి చికిత్స ఒక్కటే. గ్లూటెన్ గల ఆహారమును జీవితాంతము మానుట. ఈ విషయమున తెలుగువారు అదృష్టవంతులు. అన్నము, ఇడ్లీ, దోసె, పెసరట్టు, రాగిసంకటి, జొన్నరొట్టె అన్నియు నిరపాయకరములే. గర్భిణికి ఒడిలో పెట్టి పంపు చలిమిడి కూడ బియ్యపుపిండియే.

అయినను జాగ్రత్త వలయును. ఇడ్లీరవ్వ బియ్యముది, బొంబాయిరవ్వ గోధుమది. సేమియా, బొబ్బట్లపై మైదా, అన్నవరము ప్రసాదము గోధుమకు సంబంధించినవే. బజారులో దొరకు ఇంగువలో తరచుగా గోధుమపిండి కలుపుదురు. కావున పులిహోర, చారు సైతము అనుమానింపదగినవే. ఎర్రగడ్డ రైతుబజారులో మంచి జొన్నలు కొని తెచ్చినను, గోధుమలు విసరిన పిండిగిర్నిలోనే వాటిని పట్టించినచో శ్రమ వ్యర్థమగును. 30 గ్రాముల పిండితో చేసిన చపాతీలో సుమారు రెండున్నర గ్రాముల గ్లూటెన్ ఉండును. గ్లూటెన్ లేనిదని ముద్రించి అమ్ము ఆహారములో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించరాదని మన దేశపు నిబంధన. ఎంత స్వల్పము హాని చేయగలదో దీనినిబట్టి ఊహింపవచ్చును.

పథ్యము ప్రారంభించిన కొలది వారములలో ఆరోగ్యము మెరుగుపడును. ప్రేగుగోడ పూర్తిగా కోలుకొనుటకు పెద్దలలో సంవత్సరము, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువకాలము పట్టును. కావున బిడ్డను కోరు స్త్రీ ముందుగా రక్తమును, పోషకములను సరిచేసికొని పిమ్మట గర్భము ధరించుట మేలు. గర్భిణిగా ఉండగా వ్యాధి తెలిసినను వెంటనే పథ్యము మొదలుపెట్టవలెను. వ్యాధి లేనివారు గోధుమను మానవలసిన పని లేదు.

ఉపాధ్యాయులకు ఒక మాట

మన సమాజమున బిడ్డలు లేని ఇంట నిందపడునది ఇల్లాలిమీదనే. ఆమె జాతకమును, నోములను, నడకను గూర్చి మాటాడువారు ఆమె రక్తములో ఇనుము ఎంత ఉన్నదో అడుగరు. భర్తను కూడ పరీక్షింపవలెనని తలచరు. ఒక చపాతీముద్దను నీట కడిగి చూపిన ఉపాధ్యాయుడు పిల్లలకు మాంసకృత్తును చూపుటయే గాక, వ్యాధికి కారణము పదార్థములో వెదకవలెను గాని మనిషి అదృష్టములో కాదని కూడ నేర్పినవాడగును. తరగతిలో ఎప్పుడును పాలిపోయి, నీరసముగా, వయసుకు తగిన ఎదుగుదల లేక వెనుక బల్లపై కూర్చున్న బాలిక ఉన్నచో, ఆమెను సోమరియని అనక తలిదండ్రులను పిలిచి ఒకసారి రక్తము చూపించుమని చెప్పుడు. రేపు ఆమె తల్లి కావలసినప్పుడు ఆ ఒక్క మాట అక్కరకు రావచ్చును.