పల్లేరు కాయకు పరీక్ష

పల్లేరు కాయ కాలిలో గుచ్చుకోకుండా పెరిగిన తెలుగుబిడ్డ ఉండడు. నిజామాబాదు నుంచి బోధన్ వెళ్లే దారిలో ఎక్కడ బాట దిగినా సరే, పొలాల గట్ల మీదా కాలవ కట్టల మీదా పచ్చని చిన్ని పూలతో నేలబారుగా పాకి కనిపిస్తుంది. సంస్కృతంలో దీనికి గోక్షురమని పేరు. ఆవు గిట్టతో పోల్చి పెట్టినది. ఇంకొక పేరు శ్వదంష్ట్ర, అనగా కుక్క కోర. ఈ రెండవ పేరు పెట్టిన మహానుభావుడు దానిని ఒట్టికాలితో తొక్కి ఉంటాడని నా ఊహ!

ఇంత పొగరుమోతు కాయను చరకుడు మూత్రాన్ని జారీచేసే పది మూలికల వరుసలో చేర్చాడు. యునానీ హకీములు దీనినే ఖారె ఖసక్ అంటారు. మూత్రంలో మంట అని కోడలు మెల్లగా చెప్పగానే, పల్లేరు కాయలు దంచి కషాయం కాచే అత్తగార్లు మన ఇళ్లలో నేటికీ ఉన్నారు.

పల్లేరు ఒక్కటేనా? సంక్రాంతి నాడు గొబ్బెమ్మల మీద గుచ్చే పిండికూర ఉన్నది. దానినే కొండపిండి అంటారు. కొండను సైతం పిండి చేస్తుందని, మూత్రంలో రాయిని కరిగిస్తుందని నమ్మకం. చలవ మిరియాలున్నవి. వాటిని హకీములు కబాబ్ చీనీ అంటారు. ఒకప్పుడు ఐరోపా డాక్టర్లు కూడా వీటిని మూత్రనాళపు జబ్బులకు వాడారు. ఇక చరకుడు చెప్పిన తృణపంచమూలం, అంటే అయిదు గడ్డిజాతి వేళ్ల కూర్పు, బోధన్ వారికి చెప్పుకోదగినది. అందులో దర్భ, రెల్లు వంటి వాటితో పాటు చెరకు వేరు, వరి వేరు కూడా ఉన్నవి. 1931లో నిజాంసాగర్ పూర్తయి, 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలసిన తరువాత ఈ ప్రాంతమంతా ఆ మూలికను ఎకరాల కొద్దీ పండించినట్టే గదా! 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడి, చెరకు తగ్గి వరి పెరిగింది. పంట మారినా పంచమూలం దాటిపోలేదు.

పేర్లతో వచ్చే చిక్కు కూడా ఇక్కడే చెప్పాలి. నిఘంటువులు తిరగవేసే వృత్తి నాది గనుక ఇది నన్ను వదలదు. శాస్త్రాలలో పాషాణభేది అని ఉన్న చోట హిమాలయ ప్రాంతం వారు ఒక మొక్కను వాడితే, దక్షిణాదిన మనం కొండపిండిని వాడతాము. రెండింటికీ చుట్టరికం లేదు. గలిజేరు సంగతీ అంతే. పునర్నవ అనవలసినది ఎర్రగలిజేరును. సంతలో తెల్లగలిజేరు కట్ట చేతికిచ్చి, “ఇదే పునర్నవ, మూత్రపిండాలకు మంచిది, తీసుకో అమ్మా” అంటారు. తెల్లదానిలో ఆక్సలేటు ఎక్కువ. రాళ్ల జబ్బు ఉన్నవారికి అది మేలుకు బదులు కీడు చేయవచ్చును.

సరే, మొక్క అసలైనదే దొరికిందనుకుందాము. అది జబ్బును చంపుతుందా?

మూత్రంలో మంట పుట్టించే సూక్ష్మజీవులలో ముఖ్యమైనది ఇ. కోలై. 1885లో థియొడోర్ ఎషెరిష్ అనే జర్మన్ వైద్యుడు దీనిని వర్ణించాడు. మన పేగులలో కాపురముండే జీవి ఇది. చోటు తప్పి మూత్రమార్గంలోకి వస్తే తగాదా మొదలవుతుంది. స్త్రీలలో ఆ మార్గం నాలుగు సెంటీమీటర్లకు మించదు గనుక దానికి దారి దగ్గర. స్త్రీలలో సుమారు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా ఈ బాధ తప్పదంటారు. సిగ్గుపడవలసిన జబ్బు కాదు సుమా, జలుబు లాంటిదే.

కళాశాలల ప్రయోగశాలల్లో జరిగే పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. గాజు పళ్లెంలో అగార్ అనే జున్నులాంటి పదార్థం పోసి, దానిపై సూక్ష్మజీవులను పూస్తారు. ఆకును సారాయిలోనో నీటిలోనో నానబెట్టి తీసిన సారాన్ని చిన్న కాగితపు బిళ్లకు పట్టించి మధ్యలో పెడతారు. మరునాటికి బిళ్ల చుట్టూ క్రిములు పెరగని తెల్లని వలయం ఏర్పడితే, దానిని మిల్లీమీటర్లలో కొలుస్తారు. పల్లేరు, కొండపిండి, వేప, పసుపు, ఉసిరి వంటివి ఇలాంటి పరీక్షలలో నెగ్గినట్లు పత్రికలలో ఎన్నో వ్యాసాలు వచ్చాయి. అవి అబద్ధాలు కావు. కాని పళ్లెంలో సారాన్ని నేరుగా క్రిమి నెత్తిన పెట్టారు. మన కడుపులో పోసిన కషాయం జీర్ణకోశం దాటి, కాలేయం దాటి, రక్తంలో కలిసి, మూత్రపిండాల గుండా వడిసి, అప్పటికీ బలం మిగిలి ఉండి ఆ క్రిమిని చేరాలి. పైగా పళ్లెంలో మూలికాసారం సాధారణంగా మిల్లీగ్రాముల లెక్కన పని చేస్తే, మందుబిళ్లలోని యాంటీబయాటిక్ మైక్రోగ్రాముల లెక్కన, అనగా వెయ్యోవంతులలో, పని చేస్తుంది.

నిజామాబాదు, ఆర్మూరుల పేరు దేశమంతటా మోగించిన పసుపునే తీసుకోండి. పళ్లెంలో దిట్ట. కాని అందులోని కర్కుమిన్ పేగుల నుంచి రక్తంలోకి పోయేదే బహు స్వల్పం. ఇక మూత్రం దాకా చేరి క్రిములతో పోట్లాడేదెక్కడ? గాయానికి పూసే పసుపు వేరు, మూత్రాశయానికి పంపదలచిన పసుపు వేరు. మన ఊరి పంట మీద అభిమానం కొద్దీ ఈ మాట దాచలేము.

మూత్రం దాకా చేరే ఆకు ఒకటి ఐరోపాలో ఉన్నది. ఉవా ఉర్సి అని పేరు. అందులోని పదార్థం మూత్రంలోకి వచ్చి క్రిములను చంపగలదని చాలాకాలంగా తెలుసు. జర్మనీలో కొందరు స్త్రీలకు ముందుగా ఆ ఆకు మందును, మరి కొందరికి యాంటీబయాటిక్‌ను ఇచ్చి చూశారు. ఫలితం 2021లో ప్రచురితమైంది. ఆకు తీసుకున్నవారిలో చాలామందికి యాంటీబయాటిక్ అవసరమే పడలేదు. అంతవరకు సంతోషమే. కాని వారు ఎక్కువ బాధ పడ్డారు. జబ్బు మూత్రపిండాలకు ఎక్కిన సందర్భాలు కూడా వారిలోనే ఎక్కువ.

క్రాన్‌బెర్రీ కథ ఇంకొక రకం. అది క్రిమిని చంపదు. మూత్రాశయపు గోడకు అంటుకోనివ్వదు. 2023లో యాభై పరిశోధనలను కలిపి చూస్తే, ఈ బాధ మాటిమాటికి వచ్చే స్త్రీలలో అది మళ్లీ వచ్చే అవకాశం సుమారు నాలుగోవంతు తగ్గినట్లు తేలింది. వచ్చిన జబ్బును కుదర్చడానికి మాత్రం పనికిరాదు. మన వాక్కాయను “ఇండియా క్రాన్‌బెర్రీ” అని అమ్మేవారున్నారు. రెండింటికీ పులుపు తప్ప బంధుత్వం లేదు. వాక్కాయ పప్పు హాయిగా తినండి, మందనుకొని కాదు.

మొక్కల మందును ఇలా నిలవేసి చూడడం మన జిల్లాకు కొత్త కాదు. నిజామాబాదు పక్కనే డిచ్‌పల్లిలో ఇసాబెల్ కెర్ అనే స్కాట్లండు డాక్టరమ్మ 1915లో కుష్ఠురోగులకు ఆసుపత్రి తెరిచింది. అదీ సూక్ష్మజీవి తెచ్చే జబ్బే. 1920లలో అక్కడ వాడిన ముఖ్యమైన మందు చాల్‌మూగ్రా జాతి గింజల నూనె. సుశ్రుతుడు తువరక తైలమని చెప్పినది ఈ కోవలోనిదే. ఆ నూనెను శుద్ధి చేసి సూదులతో ఎక్కించేవారు. నొప్పి భరించి రోగులు ఆ సూదులు పొడిపించుకున్నారు. 1940లలో డాప్సోన్ వంటి మందులు వచ్చి ఎక్కువ మేలు చేయగానే నూనెను పక్కన పెట్టారు. పల్లేరును కూడా ఆ కొలతతోనే చూడాలంటాను.

మరి కషాయం తాగి నయమైన వారి సంగతేమిటి? రెండు కారణాలున్నవి. ఆరోగ్యవంతురాలైన పడుచుకు వచ్చిన స్వల్పమైన మంట చాలామందిలో కొన్నాళ్లకు దానంతటదే తగ్గుతుంది. పేరు మాత్రం కషాయానికి వస్తుంది. రెండవది నీరు. ధనియాల నీళ్లయినా, బార్లీ జావ అయినా, పల్లేరు కషాయమైనా చెంబులకొద్దీ తాగిస్తారు గదా! ఈ నీటి మహిమను కొలిచి చూశారు. మాటిమాటికి మంట వచ్చే, నీళ్లు తక్కువగా తాగే 140 మంది స్త్రీలలో సగం మంది చేత రోజుకు అదనంగా లీటరున్నర నీళ్లు ఏడాది పాటు తాగించారు. 2018లో వెలువడిన లెక్క ప్రకారం వారికి ఏడాదికి సగటున 1.7 సార్లు మాత్రమే బాధ వచ్చింది. తక్కినవారికి 3.2 సార్లు. ఇంత ఖర్చులేని మందు నేనెరుగను.

కాని ఆ నీళ్లే మన ఆడవాళ్లు తాగరు. బోధన్, రుద్రూరు, వర్ని వైపుల నుంచి పొద్దున బస్సెక్కి నిజామాబాదు కాలేజీలకు వచ్చే పిల్లలలో పొద్దుగూకేదాకా గుక్కెడు నీళ్లు ముట్టనివారు ఎందరో. ఎందుకో వారిని అడగనక్కరలేదు. ఆ కాలేజీల మరుగుదొడ్ల తలుపు తీసి చూస్తే చాలు. నాట్లు వేసే కూలీ స్త్రీకి ఆ తలుపు కూడా లేదు. వీరికి మూలికల జాబితా చదివి వినిపించడం కంటె గొళ్లెం పడే గది ఒకటి కట్టించడం పెద్ద వైద్యం.

ఇంట్లో కషాయం కాచుకుంటే తప్పులేదు. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం డాక్టరును అడగకుండా కాచుకోరాదు. చక్కెరజబ్బున్నవారికి చెరకురసం వద్దు. చలిజ్వరం, నడుము పక్కల పోటు, వాంతి కనిపించినా, మూత్రంలో రక్తం పడినా కషాయంతో ఒక్క పూట కూడా గడపరాదు. గర్భిణికి, చంటిబిడ్డకు, చక్కెరజబ్బు మనిషికి, మగవానికి మంట కొంచెమే అయినా పరీక్ష తప్పదు. మందుల దుకాణంలో నాలుగు బిళ్లలు అడిగి మింగడం ఇంకొక ప్రమాదం. అలా మింగి మింగి మన దేశంలో ఇ. కోలై ఎన్నో మందులకు లొంగకుండా మొండికేసింది. ఏ మందుకు లొంగుతుందో చెప్పేది కల్చర్ పరీక్ష. దానికి మళ్లీ అదే పళ్లెం, అదే కాగితపు బిళ్ల! ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. బాధ ఎక్కువగా ఉంటే డాక్టరు అంతవరకు ఆగకుండా మందు మొదలుపెట్టి, ఫలితం చూసి మారుస్తాడు. నమూనాను మాత్రం మొదటి బిళ్ల మింగకముందే ఇవ్వాలి. మొదటి ధార వదిలి, నడిమి ధారను ప్రయోగశాల వారిచ్చిన శుభ్రమైన సీసాలో పట్టి, ఆలస్యం చేయకుండా చేర్చండి. సీసా మీద పేరూ, పట్టిన వేళా రాయించడం మరవకండి.